బిల్ రసెల్‌ను పక్కన పెట్టి మాట్లాడకండి

1995-96 సీజన్‌లో 72 మ్యాచ్‌లు గెలిచి పదింటిలో మాత్రమే ఓడిన చికాగో బుల్స్, 2015-16లో 73 గెలిచి తొమ్మిదింటిలో ఓడిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఎదురుపడితే ఎవరు గెలుస్తారు? బాస్కెట్‌బాల్ అభిమానులు ఇద్దరు ఒకచోట చేరితే కాసేపటికి మాట ఇక్కడికే వస్తుంది. 1950, 60ల్లో బోస్టన్ సెల్టిక్స్‌కు ఆడిన బిల్ రసెల్ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. మైఖేల్ జోర్డాన్‌ను ఎవరు ఆపగలరని ఒకరు అడుగుతారు, స్టెఫెన్ కరీని ఎవరు ఆపగలరని ఇంకొకరు. స్టీవ్ కెర్ ఈ రెండు జట్లలోనూ ఉన్నాడు. బుల్స్ తరఫున బెంచి మీది నుంచి లేచి వచ్చి త్రీ పాయింటర్లు (దూరాన గీసిన గీత అవతలి నుంచి వేసే, మూడు పాయింట్ల షాట్లు) వేసినవాడు, 2014లో వారియర్స్‌కు కోచ్ అయ్యాడు. అంత దగ్గర నుంచి చూసిన మనిషి సాక్ష్యం చెప్పినా ఈ తగువు తీరదు. ఏ నిబంధనల కింద ఆడిస్తారో ముందు తేలాలి కనుక.

1996 నాటి ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో, జోన్ డిఫెన్స్ నిషిద్ధం. ఒక్కో డిఫెండర్ తనకు అప్పగించిన మనిషికి దగ్గరగా ఉండాలి. అతన్ని వదిలేసి రింగు ముందు కాపలా కాస్తే రిఫరీ విజిల్ వేసేవాడు. అందువల్ల జోర్డాన్‌కు కోర్టులో ఒక పక్కంతా ఖాళీ చేసి ఇస్తే ఎదురుగా ఒక్కడే మిగిలేవాడు. అయితే ఆ ఒక్కడికి ఇప్పుడు లేని వెసులుబాటు ఒకటి ఉండేది: జోర్డాన్ నడుము మీద చేయి ఆనించి దారి మళ్లించవచ్చు. 2001-02లో జోన్ మీద నిషేధం పోయింది. 2004-05 నుంచి చేయి ఆనిస్తే రిఫరీలు గట్టిగా ఫౌల్ ఇవ్వసాగారు. కరీ ఆడింది ఈ రెండో లోకంలో. ఇక త్రీ పాయింటర్ల సంగతి. బుల్స్‌కు ఆ సీజన్ మొత్తంలో పడినవి 544. అదీ, లీగ్ ఆ గీతను మూడేళ్లపాటు 22 అడుగులకు దగ్గర చేసిన కాలంలో. వారియర్స్‌కు పడినవి 1,077. అందులో కరీ ఒక్కడివే 402. మ్యాచ్‌కు ఆరు త్రీ పాయింటర్ల తేడా అంటే పద్దెనిమిది పాయింట్లు. స్కాటీ పిప్పెన్, జోర్డాన్, డెన్నిస్ రాడ్‌మన్ ఎంత గొప్ప డిఫెండర్లైనా ఆ తేడాను ఈనాటి నిబంధనల కింద పూడ్చలేరు. 1996 నిబంధనలతో, 1996 రిఫరీలతో ఆడిస్తే బుల్స్ గెలుస్తారు. 2016 నిబంధనలతో ఆడిస్తే వారియర్స్ గెలుస్తారు. రెండు మాటలూ నేను తడుముకోకుండా చెబుతాను.

ఇక్కడికి వచ్చాక చాలామంది చేతులెత్తేస్తారు. కాలాలు వేరు, ఆటలు వేరు, పోల్చడమే తప్పు అంటారు. పెద్దమనిషి తీర్పులా వినిపించే ఈ మాట నాకు నచ్చదు. పోల్చవచ్చు, పోల్చాలి కూడా. ఏ ఆటగాడు గొప్పవాడు అనే ప్రశ్న లేకపోతే ఆటకు చరిత్రే ఉండదు, స్కోర్ల పట్టిక మాత్రమే మిగులుతుంది. కాకపోతే కొలబద్ద సరిగ్గా ఎంచుకోవాలి. తన కాలం తన ముందు పెట్టిన చిక్కును ఒక ఆటగాడు ఎంతవరకు విప్పాడు? తన సాటివాళ్లకన్నా ఎంత దూరం వెళ్లాడు? అతన్ని తట్టుకోవడానికి ఆట తన నిబంధనలనే మార్చుకోవలసి వచ్చిందా? ఈ మూడూ అడగాలి. టైమ్ మెషీన్ ఎక్కించి ఈనాటి కోర్టులో దింపితే ఏమవుతాడన్నది సరదా ప్రశ్నే తప్ప కొలత కాదు.

సి.కె.నాయుడు ఆడింది 7 టెస్టులు, సగటు 25. 1932లో లార్డ్స్‌లో భారత జట్టును నడిపించిన ఆ తెలుగువాణ్ని ఐపీఎల్ స్ట్రైక్ రేట్‌తో కొలిచి కొట్టిపారేసేవాడు మనలో ఉండడు. 1926లో ఎంసీసీ బౌలర్ల మీద 11 సిక్సర్లతో ఆయన చేసిన 153 ఆ రోజుల్లో ఏమిటో మనకు తెలుసు. బాస్కెట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి ఈ పాటి న్యాయం కూడా మర్చిపోతున్నాం. 1980కి ముందు ఆడినవాళ్లందరినీ ఒక మూటగా కట్టి అటక మీద పడేస్తున్నాం.

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో పెరిగిన నా మేనల్లుడితో నాకు ఈ విషయంలోనే పేచీ. అక్కడ రాత్రి మ్యాచ్ జరుగుతుంటే ఇక్కడ మాకు కాఫీ వేళ. ఆట చూస్తూనే ఫోనులో మాట్లాడుకుంటాం. లూకా డోంచిచ్‌ను డాలస్ వదులుకున్నప్పుడు వారం రోజులు సరిగ్గా మాట్లాడని పిల్లవాడు. ఆటను లోతుగా చూస్తాడు. అయినా రసెల్ పేరు ఎత్తితే చాలు, "మామయ్యా, మీ రసెల్ సగటు పదిహేను పాయింట్లు. ఫ్రీ త్రోలు సగానికి దగ్గరగా పోగొట్టేవాడు. ఇప్పుడైతే ఆయన్ని ఏ కోచ్ అయినా చివరి నిమిషంలో కోర్టులో ఉంచుతాడా?" అంటాడు. అంకెలు నిజమే. 13 సీజన్లలో సగటు 15.1 పాయింట్లు, ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు బదులుగా దొరికే, ఎవరూ అడ్డుకోని షాట్లు) నూటికి 56. ఆ అంకెలతోనే నా వాదన మొదలుపెడతాను, అవి దేన్ని లెక్కపెట్టలేదో చూపించడానికి.

ముందు, పాత అంకెలు ఎంత ఉబ్బి ఉంటాయో ఒప్పుకోవాలి. 1961-62 సీజన్‌ను తీసుకోండి. ఫిలడెల్ఫియాకు ఆడిన విల్ట్ చాంబర్లిన్ సగటు 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు. ఆస్కార్ రాబర్ట్‌సన్ సగటున 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులతో (తోటివాడి చేత పాయింట్లు వేయించిన పాస్‌లు) సీజన్ మొత్తానికి ట్రిపుల్ డబుల్, అంటే మూడింటిలోనూ రెండంకెల సగటు, సాధించాడు. మళ్లీ ఆ పని చేయడానికి 2016-17లో రసెల్ వెస్ట్‌బ్రూక్ రావలసి వచ్చింది. అయితే 1961-62లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు దాదాపు 108 షాట్లు వేసేది. నూటికి 43 కూడా పడేవి కావు. ఇప్పుడు జట్టుకు 90 లోపు షాట్లు, నూటికి 47 పడుతున్నాయి. తప్పిన ప్రతి షాటూ ఎవరో ఒకరికి రీబౌండ్. అందుకే అప్పుడు జట్టుకు 70కి పైగా రీబౌండ్లు దొరికితే ఇప్పుడు 44 దగ్గర ఆగిపోతున్నాయి. ఈ లెక్కన రాబర్ట్‌సన్ రీబౌండ్లు ఎనిమిది లోపుకు, చాంబర్లిన్ రీబౌండ్లు పదహారుకు దిగుతాయి.

పాయింట్ల దగ్గర లెక్క ఇంత సులువు కాదు. చాంబర్లిన్ 50.4ను షాట్ల నిష్పత్తిలో కుదిస్తే 42 లోపు వస్తుంది. జట్టు వేసే పాయింట్ల నిష్పత్తిలో కుదిస్తే 48 దాటుతుంది. ఎందుకంటే త్రీ పాయింటర్ల పుణ్యమా అని ఈనాటి జట్లు తక్కువ షాట్లతోనే దాదాపు అప్పటి స్కోర్లు చేస్తున్నాయి. ఒకే మనిషి, ఒకే సీజన్, రెండు న్యాయమైన లెక్కలు. వాటి మధ్య ఆరు పాయింట్లకు పైగా తేడా. అంకెలు వివాదాన్ని తేల్చేస్తాయని నమ్మేవాళ్లు ఈ ఒక్క లెక్క తమ చేత్తో వేసి చూడాలి.

ఆ ఏడాది మార్చి 2న హెర్షీలో జరిగిన మ్యాచ్ సంగతి ఎంతసేపు చెప్పినా నాకు తనివి తీరదు. పెన్సిల్వేనియాలో చాక్లెట్ ఫ్యాక్టరీతో పేరు తెచ్చుకున్న ఊరు అది. వచ్చిన ప్రేక్షకులు 4,124 మంది. టీవీ ప్రసారం లేదు. న్యూయార్క్ నిక్స్ జట్టులో రోజూ ఆడే సెంటర్, అంటే రింగు దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు, ఆ రాత్రి ఆడలేదు. ఆ సీజన్‌లో నూటికి అరవై ఫ్రీ త్రోలు మాత్రమే వేయగలిగిన చాంబర్లిన్, ఆ రాత్రి రెండు చేతులతో బంతిని కింది నుంచి ఎగరేసి 32లో 28 వేశాడు. 63 షాట్లలో 36 పడ్డాయి. చివరి నిమిషాల్లో బంతి అతనికి అందకుండా నిక్స్ మిగతా ఫిలడెల్ఫియా ఆటగాళ్లను కావాలని ఫౌల్ చేస్తుంటే, బంతి తమ చేతికి తిరిగి రావడానికి ఫిలడెల్ఫియా వాళ్లు నిక్స్‌ను ఫౌల్ చేశారు. 169-147. అందులో వంద అతనివి. మనకు మిగిలింది నాలుగో క్వార్టర్ రేడియో రికార్డింగు, చేత్తో 100 అని రాసిన కాగితం పట్టుకుని అతను దిగిన ఫోటో.

ఆ మ్యాచ్ చివర్లో ఆట ఆటలా సాగలేదని కొందరు వంక పెడతారు. పెట్టవచ్చు. కానీ ఆ సీజన్‌లో అతను సగటున 48.5 నిమిషాలు ఆడాడు. మ్యాచే 48 నిమిషాలు. అదనపు సమయాలు కలిస్తే ఆ సగటు వచ్చింది. సీజన్ మొత్తం మీద అతను కోర్టు బయట ఉన్నది ఎనిమిది నిమిషాలు. ఏ వేగంతో కుదించినా ఈ అంకె కుదింపుకు లొంగదు. 1964లో లీగ్ రింగు ముందరి గడి వెడల్పును 12 అడుగుల నుంచి 16కు పెంచింది. చాంబర్లిన్‌ను రింగుకు దూరంగా నెట్టడమే అందులోని ఉద్దేశం. అంతకు ముందు 1951లో జార్జ్ మైకన్ ధాటికి ఆగలేక అదే గడిని 6 అడుగుల నుంచి 12కు పెంచారు. కోర్టు మీద గీతలు చెరిపి మళ్లీ గీయించిన ఆటగాళ్లు వీళ్లు.

ఇంత చేసినా ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడి పురస్కారం చాంబర్లిన్‌కు రాలేదు. రాబర్ట్‌సన్‌కూ రాలేదు. 18.9 పాయింట్ల సగటున్న బిల్ రసెల్‌కు వచ్చింది. ఆ రోజుల్లో ఓటు వేసింది విలేఖరులు కాదు, ఆటగాళ్లే. యాభై పాయింట్లు వేసినవాణ్ని, ట్రిపుల్ డబుల్ సాధించినవాణ్ని, రసెల్‌ను ముగ్గురినీ రాత్రి వెంట రాత్రి ఎదుర్కొన్నవాళ్లు వేసిన ఓటు అది. అరవై ఏళ్ల తర్వాత పట్టిక చూసి మనం ఇచ్చే తీర్పుకన్నా ఆ ఓటుకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

వాళ్లు చూసింది ఏమిటి? షాట్‌ను బలంగా కొట్టి ప్రేక్షకుల్లోకి విసిరేస్తే చూడడానికి దర్జాగా ఉంటుంది, కానీ బంతి మళ్లీ ప్రత్యర్థికే దక్కుతుంది. రసెల్ బంతిని మెత్తగా తట్టి కోర్టులోనే ఉంచేవాడు. ఎడమచేతి వాటం కావడం వల్ల కుడిచేత్తో షాట్ వేసేవాడి బంతికి ఆయన చేయి నేరుగా ఎదురు వెళ్లేది. తట్టిన బంతి బాబ్ కూజీ చేతికో, కె.సి.జోన్స్ చేతికో చేరేసరికి సామ్ జోన్స్ అవతలి రింగు వైపు పరుగు అందుకునేవాడు. ఒక్క కదలికలో అటు రెండు పాయింట్లు ఆగేవి, ఇటు రెండు పాయింట్లు వచ్చేవి. పట్టికలో రసెల్ పేరు ఎదురుగా ఏమీ పడేది కాదు. ఎన్‌బీఏ బ్లాకులను (ఆపిన షాట్లను), స్టీల్స్‌ను (లాక్కున్న బంతులను) లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74లో. రసెల్ రిటైరైంది 1969లో, చాంబర్లిన్ 1973లో. ఆట చరిత్రలోనే షాట్లను ఆపడంలో మేటి అయిన ఇద్దరికీ అధికారికంగా ఒక్క బ్లాకూ లేదు. ఆపిన షాట్ల మాట అటుంచండి, ఆయన్ను చూసి భయపడి అసలు వేయని షాట్లకు ఈనాటికీ లెక్క లేదు.

లెక్క దొరికేది ఇంకోచోట. రసెల్ రాకముందు బోస్టన్ సెల్టిక్స్ పాయింట్లు దండిగా వేసే జట్టే, కూజీ ఉన్నాడు, రెడ్ ఆవర్‌బాక్ కోచ్. ఒక్కసారి కూడా ఫైనల్ చేరలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి, సీజన్ మధ్యలో రసెల్ వచ్చి చేరాడు. 1957లో టైటిల్ వచ్చింది. 1958 ఫైనల్లో ఆయన చీలమండ దెబ్బతింది, టైటిల్ పోయింది. 1959 నుంచి 1966 వరకు వరసగా ఎనిమిది. 1967లో చాంబర్లిన్ ఫిలడెల్ఫియా గెలిచింది. 1968, 1969ల్లో మళ్లీ బోస్టన్, ఈసారి రసెలే కోచ్ కూడా. మొత్తం 13 సీజన్లలో 11. ఆయన రిటైరైన మరుసటి ఏడాది అదే బోస్టన్ 34 గెలిచి 48 ఓడి, టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌కు కూడా చేరలేదు. ఏడో మ్యాచ్ దాకా వెళ్లిన సిరీస్‌లు ఆయన కెరీర్‌లో పది. పదీ గెలిచాడు. 1962 ఫైనల్ ఏడో మ్యాచ్‌లో 30 పాయింట్లు, 40 రీబౌండ్లు. సగటు పదిహేను పాయింట్లవాడు అవసరమైన రాత్రి ముప్ఫై వేశాడు.

అభ్యంతరాలు నాకూ తెలుసు. వాటిలో బలమైనవి ఉన్నాయి. అప్పట్లో చాలా ఏళ్లు లీగ్‌లో ఉన్నవి ఎనిమిది, తొమ్మిది జట్లు. డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిస్తే రెండు సిరీస్‌లు గెలిచి టైటిల్ ఎత్తవచ్చు. ఇప్పుడు 30 జట్లు, ఒక్కొక్కటి ఏడేసి మ్యాచ్‌ల నాలుగు సిరీస్‌లు, 16 విజయాలు కావాలి. పదకొండును పదకొండుగా ఈనాటికి తేలేం. ఒప్పుకుంటాను. కానీ తక్కువ జట్లు ఉండడం రెండు వైపులా పదునున్న విషయం. ఎనిమిది జట్లంటే దేశం మొత్తం మీద వంద మందికి లోపే ఉద్యోగం. ప్రతి జట్టులో మెరికలే. రసెల్, చాంబర్లిన్ 140కి పైగా మ్యాచ్‌లలో ఎదురుపడ్డారు. ఈనాటి ఇద్దరు సూపర్‌స్టార్లు లీగ్‌లోని రెండు విభాగాల్లో (కాన్ఫరెన్సుల్లో) చెరొకదానిలో ఉంటే ఏడాదికి రెండుసార్లు కలుస్తారు. తన కాలపు అతి పెద్ద సమస్యను రసెల్ ఏడాదికి పదిసార్లకు పైగా కళ్లెదుట చూశాడు.

దీనికన్నా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది, దాన్ని ఎవరూ సరిగ్గా వాడరు. ఆ లీగ్‌లోకి అందరినీ రానివ్వలేదు. నల్లజాతి ఆటగాళ్లకు ఎన్‌బీఏ తలుపు తెరిచిందే 1950లో. ఆ తర్వాత కూడా జట్టుకు ఇంతమందే అనే రాతలో లేని కట్టుబాటు చాలా ఏళ్లు నడిచింది. ఐదుగురూ నల్లజాతివారే ఉన్న జట్టు మొదటిసారి కోర్టులో దిగింది 1964 డిసెంబర్‌లో. ఆ జట్టు బోస్టనే. కాబట్టి 1960 నాటి లీగ్ అమెరికాలోని ప్రతిభ మొత్తానికి ప్రతినిధి కాదు, ప్రపంచ ప్రతిభకు అసలే కాదు. 2019 నుంచి 2025 వరకు అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అమెరికాలో పుట్టినవాడికి ఒక్కసారి కూడా రాలేదు: యాన్నిస్ అంటెటొకుంపో, నికోలా యోకిచ్, జోయెల్ ఎంబీడ్, షాయ్ గిల్జస్-అలెగ్జాండర్. పోటీ పరిధి ఇంతగా విస్తరించిన మాట వాస్తవం.

అయితే ఆ వివక్ష లీగ్ నాణ్యతను తగ్గించిందని చెప్పేటప్పుడు, దాని బరువు ఎవరి భుజాల మీద పడిందో కూడా చెప్పాలి. 1961 అక్టోబర్‌లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో ప్రదర్శన మ్యాచ్ ఆడడానికి వెళ్లిన బోస్టన్ నల్లజాతి ఆటగాళ్లకు హోటల్ కాఫీ షాపులో తిండి పెట్టలేదు. రసెల్, సామ్ జోన్స్, కె.సి.జోన్స్, టామ్ సాండర్స్, అల్ బట్లర్ మ్యాచ్ ఆడకుండా విమానం ఎక్కి వచ్చేశారు. అప్పటికి రసెల్ చేతిలో నాలుగు టైటిళ్లున్నాయి. బోస్టన్ పక్కన రెడింగ్‌లో ఆయన ఇంట్లోకి దుండగులు చొరబడి గోడల మీద బూతులు రాశారు. ఈనాటి ఆటగాడు 1961లో ఆడితే రోజూ నలభై పాయింట్లు వేస్తాడని చెప్పేవాళ్లు, అతణ్ని ఆ హోటల్లోకి కూడా పంపించాలి. భోజనం దొరకని ఊళ్లో నిద్రలేచి, మామూలు ప్రయాణికుల మధ్య మోకాళ్లు ముడుచుకుని విమానంలో కూర్చుని, గుడ్డ బూట్లు తొడుక్కుని, వరసగా రెండో రాత్రి ఆడమనాలి.

ఆ కాలం ఆటగాళ్లను ప్లంబర్లు, ఫైర్‌మెన్ అని వెక్కిరించడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది. ఆట లేని నెలల్లో వాళ్లలో చాలామంది వేరే ఉద్యోగాలు చేసిన మాట నిజం. జీతాలు అలా ఉండేవి. కానీ 1961-62లో ఎల్జిన్ బేలర్ ఏం చేశాడో చూడండి. సైన్యం రిజర్వు విధులకు పిలిచింది. వారమంతా వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్ట్ లూయిస్ శిబిరంలో డ్యూటీ, సెలవు దొరికిన వారాంతాల్లో విమానం పట్టుకుని వెళ్లి లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఆడడం. జట్టుతో ప్రాక్టీసు లేదు. అలా 48 మ్యాచ్‌లు ఆడి సగటున 38.3 పాయింట్లు వేశాడు. ఆ ఏడాది ఫైనల్ ఐదో మ్యాచ్‌లో, రసెల్ కాపు కాస్తున్న బోస్టన్ మీద 61. 1965లో అతని మోకాలు దెబ్బతింది. ఈనాటి శస్త్రచికిత్స అప్పుడు ఉంటే బేలర్ పేరు జోర్డాన్ పక్కన వినిపించేదని నేను గట్టిగా నమ్ముతాను.

కూజీ, లేకర్స్ ఆటగాడు జెర్రీ వెస్ట్ డ్రిబుల్ చేసే (బంతిని నేలకు కొడుతూ నడిపే) పాత వీడియోలు చూసి నవ్వుతారు కదా, ఈసారి బంతిని కాదు, అరచేతిని చూడండి. అది ఎప్పుడూ బంతి పైభాగం మీదే ఉంటుంది. పక్కకు జారి బంతి కిందికి వెళితే రిఫరీ వెంటనే బంతి లాగేసుకునేవాడు. ఈనాటి గార్డులు (బంతిని నడిపించే ఆటగాళ్లు) వేసే ప్రతి ఎత్తూ, ఒక పక్కకు ఊగి క్షణం ఆగి రెండో పక్కకు దూకడం, అరచేయి బంతి కిందికి వెళ్లడాన్ని అనుమతించడం వల్లే సాధ్యమైంది. ఈనాటివాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు, నిస్సందేహంగా. నేర్చుకునే అనుమతి కూడా ఎక్కువ దొరికింది.

ఇక టైమ్ మెషీన్ ఎక్కక తప్పదంటే, రెండు వైపులా ఎక్కుదాం. రసెల్‌ను ఈనాటికి తెస్తే షాట్ వేయలేడంటారు. కరీని 1962కు పంపితే? త్రీ పాయింట్ల గీతే లేదు. ఎన్‌బీఏ దాన్ని గీసింది 1979-80లో. 25 అడుగుల నుంచి వేసినా రెండు పాయింట్లే. ఆ షాట్ విలువ మూడో వంతు పడిపోతుంది, దాన్ని వేయమని ఏ కోచ్ చెప్పడు. ఈ కారణంతో కరీ గొప్పతనాన్ని తగ్గించేవాడిని నేను ఇంతవరకు చూడలేదు. చూడకూడదు కూడా. తన కాలం ఇచ్చిన గీతను అతను వాడుకున్న తీరు ఆటనే మార్చేసింది. మరి తన కాలం ఇచ్చిన ఆటను రసెల్ మార్చిన తీరును మాత్రం ఈనాటి గీతతో ఎందుకు కొలుస్తారు? కరీం అబ్దుల్-జబ్బార్ 38,387 పాయింట్లు వేశాడు. అందులో త్రీ పాయింటర్ ఒక్కటే. దాన్ని పట్టుకుని కరీంను తక్కువ చేయం కదా.

పైగా రసెల్ శరీరం ఏ కాలానికైనా సరిపోయేది. 1956లో హైజంప్‌లో ప్రపంచంలోని మేటి ఆటగాళ్ల సరసన నిలిచినవాడు, 6 అడుగుల 9 అంగుళాలు దూకినవాడు. ఈనాటి కోచ్‌లు వెతికే సెంటర్ ఎవరు? రింగును కాపాడాలి, అవసరమైతే గీత దాకా వచ్చి చిన్న గార్డును కూడా అడ్డుకోవాలి, బంతి దొరికిన మరుక్షణం ముందుకు పంపాలి. ఈనాటి ఆటగాళ్లలో విక్టర్ వెంబన్యామా రింగు దగ్గర చేసేది, డ్రేమండ్ గ్రీన్ బుర్రతో చేసేది రెండూ ఒకే మనిషిలో ఊహించుకోండి.

జోర్డానా, లెబ్రాన్ జేమ్సా అనే చర్చలోకి ఇక్కడ ఎక్కువగా వెళ్లను. ఆరు ఫైనల్స్‌లో ఆరు గెలిచిన జోర్డాన్ శిఖరం ఎత్తు ఎక్కువ, ఇరవై ఏళ్లు దాటినా దిగిరాని లెబ్రాన్ పీఠభూమి పొడవు ఎక్కువ. శిఖరానికే నా ఓటు. ఇద్దరికన్నా ముందు రసెల్ అంటాను.

జట్ల విషయానికి వస్తే ఒక కొలత నాకు నచ్చుతుంది: మ్యాచ్‌కు సగటున ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచారు. అందరూ ఒకే నిబంధనల కింద ఒకే ఏడాది ఆడతారు కనుక, ఈ అంకెలో కాలం కల్తీ తక్కువ. 1970-71 మిల్వాకీ, 1971-72 లేకర్స్, 1995-96 బుల్స్ మూడూ 12కు కాస్త పైన ఉన్నాయి. 2016-17 వారియర్స్ 11.6. 2024-25లో ఓక్లహోమా సిటీ థండర్ 12.9తో అందరినీ దాటింది. ఇక్కడా ఒక జాగ్రత్త అవసరం. 1970లో లీగ్‌లోకి మూడు కొత్త జట్లు వచ్చాయి, 1995లో టొరంటో, వాంకూవర్ వచ్చాయి. కొత్త జట్లను చితక్కొడితే సగటు పెరుగుతుంది. థండర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒక్క సీజన్‌కు సంబంధించి, ఆడిన ఆట నాణ్యతలో నేను చూసిన మేటి జట్టు కెవిన్ డ్యురాంట్ చేరిన 2016-17 వారియర్స్. ప్లేఆఫ్స్‌లో 16 గెలిచి ఒక్కటే ఓడింది. కానీ ఆ జట్టు ఎలా కుదిరింది? టీవీ ఒప్పందం డబ్బు ఒక్కసారిగా వచ్చిపడి, జీతాల పరిమితి 7 కోట్ల డాలర్ల నుంచి 9.4 కోట్లకు ఎగబాకిన ఏడాది డ్యురాంట్‌కు చోటు దొరికింది. ఘనత అనే లెక్కలో అందుకే నేను బుల్స్‌ను ముందు పెడతాను.

ఈ కొలతలో రసెల్ బోస్టన్ పైవరసలో కనిపించదు. అదే నన్ను వాళ్లకు మరింత దగ్గర చేస్తుంది. 1968-69లో వాళ్లు 48 గెలిచి 34 ఓడి, తూర్పు డివిజన్‌లో నాలుగో స్థానంలో నిలిచారు. రసెల్‌కు 35 ఏళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి, తనే కోచ్. ఎదురుగా చాంబర్లిన్, వెస్ట్, బేలర్ ముగ్గురూ ఉన్న లేకర్స్. ఏడో మ్యాచ్ లాస్ ఏంజెలెస్‌లో. గెలుపు ఖాయమనుకున్న లేకర్స్ యజమాని హాలు పైకప్పు కింద వేల బెలూన్లు వలల్లో కట్టి ఉంచాడు. గెలవగానే అవి ఎలా రాలాలో, బ్యాండు ఏ పాట వాయించాలో కాగితం మీద అచ్చువేయించాడు. ఆ కాగితం రసెల్ చేతికి చిక్కింది. చివరి క్వార్టర్‌లో డాన్ నెల్సన్ విసిరిన బంతి రింగు అంచుకు తగిలి నిట్టనిలువుగా లేచి, తిరిగి రింగులోనే పడింది. 108-106, బోస్టన్. వెస్ట్ 42 పాయింట్లు వేసి, ఓడిన జట్టులో ఉండి ఫైనల్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. అలా నిలిచినవాడు ఇప్పటికీ ఆయనొక్కడే.

నా మేనల్లుడు ఈ కథంతా విని, "సరే మామయ్యా, మీ మనసు మార్చాలంటే ఏం జరగాలి?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. 2019 నుంచి 2025 వరకు ఏడేళ్లలో ఏడు వేర్వేరు జట్లు టైటిల్ గెలిచాయి. 2023 ఒప్పందం తర్వాత జీతాలకు రెండో హద్దు వచ్చింది. అది దాటిన జట్టు కొత్త ఆటగాళ్లను తెచ్చుకోలేక సతమతమవుతుంది. రసెల్ కాలంలో ఆటగాళ్లు జట్టు మారే స్వేచ్ఛే లేదు, అందువల్ల బోస్టన్ తనవాళ్లను ఏళ్ల తరబడి ఒక్కచోట ఉంచుకోగలిగింది. ఇప్పుడు ఆ పని దాదాపు అసాధ్యం. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఒక ఆటగాడు ఒకే జట్టులో ఉండి పదేళ్లలో ఆరు టైటిళ్లు తెస్తే రసెల్ పక్కన అతనికి చోటిస్తాను. ఏడు తెస్తే రసెల్‌ను ఒక మెట్టు దిగమంటాను. వాడు వెంటనే గిల్జస్-అలెగ్జాండర్ పేరు చెప్పాడు. నేను వెంబన్యామా అన్నాను.